మూడు వేల ఏళ్ల మైల

మా ఇంట్లో శవం ఉందని మా పెదనాయన గుడి మెట్ల మీద నిలబడి నలుగురిలో చెప్పిన పొద్దున, నేను ఆదోని బస్సుకు టైమవుతోందని నిలబడే ఉప్మా తింటున్నాను. పక్కింటావిడ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ కబురు చెప్పింది. చెప్పింది గానీ గడప దాటి లోపలికి రాలేదు, కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వీధిలోనే నిలబడింది. ఎవరు పోయారని నేనే ఆమెను అడిగాను. ఆ శవం నా ట్రంకుపెట్టెలోనే ఉందనీ, దాని పుణ్యమా అని ఆ రోజు నుంచి మా నాయన గుడిలో అడుగుపెట్టకూడదనీ నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

ఇన్నేళ్లయింది కదా, చల్లారి ఉంటుందిలే అనుకునేవాళ్లకు నా సంగతి తెలియదు. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

మాది ఎమ్మిగనూరు. ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడు వినబడే ఊరు. మా వీధి చివర చిన్న ఆంజనేయస్వామి గుడి ఉండేది. తాత పోయాక ఆ గుడి పూజ మా పెదనాయనకూ నాయనకూ నెలల వంతుల మీద వచ్చింది. ఒక నెల వాళ్లు, ఒక నెల మేము. ఎవరి వంతు నడిస్తే ఆ నెల వాళ్లింట్లో స్వామి నైవేద్యం పొయ్యి మీద ఉడికేది, వాళ్లింటి మనిషికే వీధిలో దండాలు. అధిక మాసం వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్క ఒక నెల పక్కకు జరుగుతుంది. ఆ ఏడు అట్లాగే జరిగింది. రెండు మూడేళ్లుగా పెదనాయన చేతిలో ఉన్న శ్రావణ మాసం మా నాయన చేతికి వచ్చింది. శ్రావణ శనివారాలంటే ఆంజనేయుడి గుడికి పండగే. ఊరంతా వడమాలలు పట్టుకుని వరుసలో నిలబడుతుంది. ఈ ముక్క తెలిస్తే మిగతా కథంతా తెలిసినట్టే, కాని శాస్త్రం మాటలు అడ్డం వేస్తే తెలివైనవాళ్లకు కూడా కళ్లు కనపడవు.

నాకు ఈజిప్టు ఎందుకు పట్టుకుందో కూడా చెప్పాలి. ఎం.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పాత పుస్తకం చేతికి తగిలింది. ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవారికి రోజూ అన్నం, నీళ్లు పెట్టడానికి పూజారులను కుదుర్చుకునేవారట. వాళ్లకు పొలాలు రాసిచ్చేవారట. ఆ పూజారి పోతే కొడుకులు ఆ పనినీ, పొలాన్నీ వంతులు వేసుకునేవారట, వంతుల కోసం తగాదాలు పడేవారట. ఇది మా ఇల్లే కదా అనిపించింది! నైలు నది ఒడ్డున మా పెదనాయన లాంటివాడు ఒకడు బోడిగుండుతో తిరుగుతున్నట్టు కళ్లకు కట్టింది. అంతే, ఇంక వదల్లేదు. పక్కనే హంపీ ఉంది, ఆదోని కోట ఉంది, విజయనగరం మీద పరిశోధన చేసుకోరాదా అని మా గైడు బతిమాలాడు. నేను వినలేదు. ఆదోనిలో ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం దొరికింది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని. ఆ బస్సులో కూర్చునే, ఒడిలో పుస్తకం పెట్టుకుని, పక్షులూ పాములూ కళ్లూ ఉన్న ఆ బొమ్మల లిపిని ఒక్కో అక్షరమే నేర్చుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్లు నన్ను సోదె చెప్పేదాన్ని అనుకునేవారు. కాలేజీలో నా పేరు శవాల టీచరమ్మ.

"సిలబస్‌లో ఈజిప్టు ఒక్క పాఠమే గదమ్మా, దానికింత తిప్పలా?" అని మా ప్రిన్సిపాల్ ఎన్నిసార్లు అన్నాడో. నాకు ఈజిప్టు తప్ప అన్నీ ఇచ్చాడు పాఠాలు చెప్పడానికి. పంచాయతీరాజ్ వ్యవస్థ కూడా చెప్పాను.

ఈజిప్టు పోయే స్తోమత నాకు లేదు, పంపేవాళ్లూ లేరు. ఇక్కడ కూర్చుని ఆ పని చేయాలంటే ఫొటోలే గతి. దేశదేశాల మ్యూజియాలకు ఉత్తరాలు రాశాను. చాలామంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్లు ఏడాదికొకటీ రెండూ పంపారు. సమాధి గోడల బొమ్మలు, పూజారుల పనిముట్లు, నైవేద్యాల పళ్లేలు, శవపేటికల మీది రాతలు. అట్లా ఏళ్ల మీద పోగయిన కట్ట అది. మద్రాసులో ఒక ప్రచురణకర్త నా పని పుస్తకంగా వేస్తానని మాటిచ్చాడు, ఫొటోలు ఉంటేనే సుమా అన్నాడు. ఎమ్మిగనూరు నుంచి ఒక ఆడమనిషి ఈజిప్టు మీద పుస్తకం రాసిందంటే నమ్మించడానికి నాకున్న సాక్ష్యం ఆ కట్ట ఒక్కటే. నా బతుకు మొత్తం ఆ ట్రంకుపెట్టెలో ఉందని చెప్పినా అబద్ధం కాదు.

ఆ ఏడు వానలకు మా మట్టిమిద్దె కారింది. పెట్టెలో చెమ్మ చేరింది. ఫొటోలు పాడవుతాయని నడవలో మంచం మీద పరిచి ఆరబెట్టాను. సరిగ్గా పైన దండెం మీద నాయన మడిపంచ ఆరుతోంది. అప్పుడే పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, కరివేపాకు కోసం వచ్చింది. వాటిలో ఒక ఫొటో ఉండేది. కట్లు విప్పిన మమ్మీ. దేవాలయంలో పాటలు పాడిన ఒకావిడ. మూడు వేల ఏళ్లయినా తల మీద జుట్టు అట్లాగే ఉంది, సన్నటి జడపాయలు. నాకు చాలా ఇష్టమైన ఫొటో అది. పెద్దమ్మ దాన్ని చూసి కెవ్వున అరిచింది.

"అయ్యో, శవం! మడిపంచ కిందనే శవాన్ని పండబెట్టినారే! ఎంత మైలిగె!" అంటూ కరివేపాకు కూడా వదిలేసి పోయింది.

మర్నాడు పొద్దున్నే పెదనాయన గుడి మెట్లెక్కి ఆ ప్రకటన చేశాడు. ఇంట్లో శవం ఉండగా ఆ ఇంటి మనిషి దేవుణ్ని ముట్టకూడదు. ఇది మా వాళ్లలో పసిపిల్లలకూ తెలిసిన నియమం. వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా గుడి తలుపే తీయరు. దాని ప్రకారం రాబోయే శ్రావణంలో మా నాయన వంతు లేనట్టే.

కౌతాళం దగ్గరి పల్లె నుంచి ఒక ఆచార్లును పిలిపించారు. శాస్త్రం చెప్పడంలో ఆయన మాటకు తిరుగులేదని పేరు. గుడి అరుగు మీద మగవాళ్లు కూర్చున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే పోయి స్తంభం పక్కన నిలబడ్డాను.

"అది శవం కాదు స్వామీ, ఫొటో. ఉత్త కాగితం," అన్నాను.

ఆచార్లు నా వైపు చూసి చాలా నెమ్మదిగా అడిగాడు. "మీ ఇంట్లో స్వామి పటం ఉందామ్మా?"

"ఉంది."

"దండం పెడతారా?"

"పెడతాం."

"కాగితానికి పెడతారా, స్వామికి పెడతారా?"

"స్వామికే."

"దేవుని పటం దేవుడైతే, శవం పటం శవం కాకుండా యాడికి పోతాది తల్లీ?" అన్నాడాయన. అరుగు మీద అందరూ తలలూపారు.

నన్ను దెబ్బతీసింది ఆయన తెలివి కాదు. నా సిద్ధాంత వ్యాసం మూడో అధ్యాయంలో నేను రాసింది అక్షరాలా అదే. ఈజిప్టువాళ్లకు బొమ్మ అంటే గుర్తు కాదు, ఆ మనిషే. శరీరం పాడైతే బొమ్మలోకి వచ్చి ఉంటారు, బొమ్మకు అన్నం పెడితే వాళ్లకు అందుతుంది. యాభై పేజీల్లో నేను నిరూపించిన మాటను ఆ ముసలాయన నాలుగు ప్రశ్నల్లో తేల్చి, నా మీదికే విసిరాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆయన తప్పు చెబితే కొట్టిపారేయవచ్చు, నా మాటే చెబితే ఏం చేయను?

అయినా ఊరుకోలేదు. శాస్త్రంతోనే కొడదామనుకున్నాను. "ఏడాది దాటినాక చావు కబురు తెలిస్తే తలస్నానం చేస్తే చాలు గదా స్వామీ? ఆమె పోయి మూడు వేల ఏళ్లయింది. మేం రోజూ స్నానం చేస్తూనే ఉన్నాం," అన్నాను.

"దహనం అయిన శవానికి ఆ లెక్క," అన్నాడాయన వెంటనే. "దహనం కానిదానికి మైల తీరేదెట్ల? ఈమెకు ఇంతవరకూ కర్మే కాలేదు గదమ్మా. మూడు వేల ఏండ్ల మైల అట్లనే నిలబడి ఉండాది."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. అప్పుడు పెద్దమ్మ గుడి పక్క నుంచి ఒక సలహా ఇచ్చింది. పిల్లకు పెళ్లి చేసేస్తే గోత్రం మారుతుంది, పెట్టెతో సహా అత్తగారింటికి పోతుంది, మైల ఆ ఇంటిదవుతుంది కదా, అని. నన్నూ, నా ట్రంకుపెట్టెనూ, ఒక చచ్చినావిడనూ కలిపి ఎవరింటికో తోలే ఆలోచన! "వరుడికి ముందే చెబుతారా పెద్దమ్మా, ఇద్దరాడవాళ్లం వస్తున్నామని?" అన్నాను. నాయన తల దించుకున్నాడు.

చివరికి తీర్పు ఇది. ఆ అనాథ ప్రేతానికి నదీతీరంలో దహన సంస్కారం చేయాలి. శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారు. ఇక్కడ పటమే ఉంది గనుక దర్భబొమ్మ అక్కర్లేదు, పటాన్నే కాల్చాలి. ఆ తర్వాత మూడు రాత్రుల మైల పట్టి వదిలించుకుంటే మా నాయన శ్రావణానికి గుడిలోకి వెళ్లవచ్చు.

"నేను ఇవ్వను," అని చెప్పి వచ్చేశాను. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నా చేతిసంచిలో వేసుకున్నాను.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేనూ నాయనే. గుడికి పోకుండా ఇంట్లో ఉండడం ఆయనకు చేతకాలేదు. చీకటితోనే లేచి, స్నానం చేసి, ఎక్కడికి పోవాలో తెలియక నడవలో కూర్చునేవాడు. ఒకరోజు సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి నా కోసం కాఫీ కలిపి పెట్టాడు.

"ఆ జుట్టు ఉండే యమ్మ ఎవరు తల్లీ? పేరేమన్నా తెలుసునా?" అని అడిగాడు.

అన్నేళ్లలో నాయన నా చదువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. పేటిక మీది రాత చదివి ఆమె పేరు చెప్పాను, తల్లి పేరు చెప్పాను, ఏ దేవుడి గుడిలో పాడేదో చెప్పాను. ఆ పాటలు ఎట్లా ఉండేవో తెలియదు గాని చేతిలో గిలకలాంటి వాద్యం ఉండేదన్నాను. నాయన ఆ పేరును రెండు మూడుసార్లు పలికి నోటికి పట్టించుకున్నాడు. నేను మురిసిపోయాను.

ఆ శనివారం కాలేజీలో పరీక్షల డ్యూటీ. తిరిగి వచ్చేసరికి ఇల్లు కడిగి ఉంది. నాయన తడిపంచతో నడవలో కూర్చుని ఉన్నాడు. పెట్టె తాళం కొక్కేనికి వేలాడుతోంది, కొక్కెమే పెకిలించి ఉంది. లోపల నా చీరలు, స్వెట్టరు. కట్ట లేదు.

"మంత్రాలయం పోయొచ్చినాము తల్లీ," అన్నాడు నాయన. "నేనూ, ఆచార్లూ. బస్సులో ఒళ్లోనే పెట్టుకున్నా, కింద పెట్టలేదు. నది ఒడ్డున చేసినాము. గోత్రం తెల్వకుంటే కాశ్యప గోత్రమని చెప్పాల. పేరు నీవు చెప్పింటివి గదా, పేరుతోనే చేసినా."

నా నోటికి వచ్చిన మాటలన్నీ ఇక్కడ రాయలేను. వీధిలో జనం పోగయ్యేలా అరిచాను. బస్సులో శవాన్ని తీసుకుపోతే ఆ బస్సులో వాళ్లందరికీ మైల కాలేదా అని అరిచాను. కండక్టరుకు కాలేదా, పక్క సీటులోని ఆచార్లుకు కాలేదా, ఆ శాస్త్రం మా ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిందని అడిగాను.

"ఒక్క ఫొటో కదా శవం! మిగతావన్నీ ఎందుకు కాల్చావు?"

"ఏది శవమో, ఏది దేవుడో నాకేం తెలుసమ్మా? వాళ్ల దేవుడు గూడా కట్లు కట్టుకునే ఉండాడు. ఒకటి పెట్టి ఒకటి వదిలిపెడితే సగం కర్మ అయితాది. అన్నీ పెట్టేస్తిని."

ఆయన అన్నది నిజమే. మరణలోకపు దేవుడు మమ్మీలాగే ఉంటాడు. గోడల బొమ్మలు, పనిముట్లు, నైవేద్యపు పళ్లేలు, ఇంకెక్కడా దొరకని ఆ రాతలు, అన్నీ బూడిదై తుంగభద్రలో కలిసిపోయాయి.

"ఆ దేశంలో కాల్చడమంటే ఏమిటో తెలుసా నాయనా? దొంగలకూ ద్రోహులకూ వేసే శిక్ష అది. శరీరం కాలితే ఇంక ఉండడానికి చోటు లేదు. రెండో చావు అంటారు దాన్ని. ఆమె మూడు వేల ఏళ్లు తప్పించుకున్నదాన్ని నువ్వు చేశావు."

నాయన నా ముఖం చూశాడు. ఆయన కళ్లలో తప్పు చేసినవాడి బెరుకు ఏమీ లేదు.

"అట్లనకు తల్లీ. పాపం, ఇన్ని వేల ఏండ్లు ఒక్కరూ నీళ్లు వదల్లేదు గదా ఆ యమ్మకు. దిక్కులేని ప్రేతానికి సంస్కారం చేస్తే అశ్వమేధం చేసినంత పుణ్యం. నేను చంపలేదు, పంపించినా."

నన్ను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఈ మాట. శ్రావణం కోసం చేశాడంటే ఆయన్ను అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే ఆమె మీద జాలిపడ్డాడు. జాలి మీద ఎక్కడ కొట్టాలో నాకు తెలియలేదు.

ఉగాది మర్నాడు మా జిల్లాలోని కైరుప్పలలో జనం పిడకలతో కొట్టుకుంటారు. తలలు పగిలినా గుడికి పోయి విభూతి పూసుకుని కలిసిపోతారు. మావాళ్లు శాస్త్రాలతో కొట్టుకుంటారు, దానికి విభూతి లేదు. మూడు రాత్రుల మైల తీరి నాయన గుడికి బయల్దేరిన రోజున పెదనాయన గుడి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కులం తెలీని శవానికి కర్మ చేసినోడు స్వామిని ముట్టేదెట్ల?" అన్నాడు.

అవును! కర్మ చేయకపోతే మైల, చేస్తే భ్రష్టత్వం. ఈ మాట తీర్పు చెప్పిన రోజున పెదనాయనకు తోచలేదా? తోచే ఉంటుంది, దాచుకున్నాడు. ఆచార్లును అడిగితే, అదీ ఒక పక్షమేనని ఆయన గడ్డం నిమురుకున్నాడు. నాయన వంతు ఆ శ్రావణంలో పోయింది, మళ్లీ రాలేదు. నేను కోర్టుకు పోదామన్నాను, కలెక్టరుకు అర్జీ పెడదామన్నాను. అన్నదమ్ముల మధ్య కాగితాలు వద్దని నాయన చెయ్యి అడ్డంపెట్టాడు. ఆంజనేయుడు అంతా చూస్తున్నాడన్నాడు. చూసి ఏం చేశాడో నాకు మాత్రం కనపడలేదు.

నా సంగతీ అంతే. మ్యూజియాలకు మళ్లీ రాశాను. ఒకచోట మనుషులు మారారు, ఒకచోట రూల్సు మారాయి. ఫొటోలు లేకుండానే సిద్ధాంత వ్యాసం ఇచ్చాను. వైవాలో పరీక్షకుడు పేజీలు తిరగేసి, "బొమ్మలు ఎక్కడమ్మా?" అని అడిగాడు. దహనం చేశారండీ అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు, పక్కాయన కూడా నవ్వాడు. డిగ్రీ ఇచ్చారు. మద్రాసు ప్రచురణకర్త నవ్వకుండానే చేతులెత్తేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు వేరెవరో, ఇంకెక్కడో, అదే విషయం మీద నిండా రంగుల బొమ్మలతో పుస్తకం వేశారు. మంచి పుస్తకమే. నేను చెప్పాలనుకున్నవాటిలో సగం అందులో లేవు. ఎనభైలు మొత్తం నేను ఆదోనిలో పంచాయతీరాజ్ చెబుతూనే గడిపాను.

నాయన ముసలివాడయ్యాడు. గుడి పోయాక కూడా ఆయన చీకటితోనే లేచేవాడు. ఒక తెల్లవారుజామున, నేను బస్సుకు తయారవుతుంటే, నడవలోంచి పిలిచాడు.

"తల్లీ, ఆ దేశంలో పూజార్లు పొద్దున్నే లేసి ఏం చేస్తాండ్రి? మన మాదిరే స్వామిని లేపుతాండ్రా? అంతా చెప్పు, వింటా. నాకింక పనేముంది?"

వాళ్లు చన్నీళ్లు పోసుకుని, ఒళ్లంతా నున్నగా గొరిగించుకుని, నార బట్టలు కట్టుకుని, సూర్యుడు పొడిచే సమయానికి తలుపు సీలు విప్పి దేవుణ్ని పాటతో మేల్కొలిపేవారు. ప్రతి ముక్కా నాకు తెలుసు. ఈ జిల్లాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అడిగినవాడు ఆయన ఒక్కడే.

"బొమ్మలు లేకుండా చెప్పలేను నాయనా," అన్నాను.

నేను చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను. ఆ మాట అన్నందుకు నాకు అప్పుడూ విచారం లేదు, ఇప్పుడూ లేదు.